నూట ఎనభై పుంజీలు

గీతాంజలి అనే అమ్మాయి పెదగుంటపాడు వెతుక్కుంటూ వచ్చేసరికి బుల్లయ్య మిరపచేలో ఉన్నాడు. కూలీలు కోసి పోసిన పండుకాయల్ని గోతాల్లోకి ఎత్తుతున్నాడు. ఆ పిల్ల ప్రత్తిపాడులో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో రాని చోట నడిచి, చెప్పులకు అంటిన నల్లరేగడి దులుపుకుంటూ గట్టు మీద నిలబడింది.

"కొంగల్ని లెక్కపెట్టే బుల్లయ్యగారంటే మీరేనా బాబాయిగారూ?"

కాయలు కోస్తున్న ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది. "పుంజుల బుల్లయ్య అని అడుగమ్మాయ్. పిల్లకాయలు గూడా చెప్తారు."

బుల్లయ్య చూసిన చూపుకి ఆవిడ తల మిరపచెట్ల మధ్యకి దిగిపోయింది.

గీతాంజలిది చీరాల. తండ్రి మగ్గం నేస్తాడు. ఈ పిల్ల పక్షుల చదువు చదివి హైదరాబాదులో పనిచేస్తోంది. పెదగుంటపాడు మంచినీళ్ళ చెరువులో తుమ్మచెట్ల మీద కాపురముండే గూడకొంగల గురించి వచ్చింది. ముక్కు కింద సంచి వేలాడుతుంటుంది కనక, ఆ సంచితో నీళ్ళూ చేపలూ కలిపి తోడుకుంటాయి కనక, గూడతో నీళ్ళు తోడే రైతులు వాటికి ఆ పేరు పెట్టుకున్నారు. దేశంలో అవి తగ్గిపోతున్నాయని, ఇంకో ఇరవై ఏళ్ళకి ఏ చెరువులో మిగులుతాయో ఏ చెరువులో మిగలవో తేల్చాలని ఆ పిల్ల చెప్పింది.

"తేల్చడానికి పాత లెక్కలు ఎవరి దగ్గరా లేవు బాబాయిగారూ. లెక్కలు లేనప్పుడు తెలిసినవాళ్ళని అడగడమే దారి. ఒక్కరే అయితే పొరబడొచ్చు కాబట్టి ఐదుగురిని కూర్చోబెడుతున్నాం. ఎవరి చీటీ వాళ్ళు రాస్తారు. పక్షులు ఎన్ని ఉన్నాయి, ఇరవై ఏళ్ళ తరవాత కూడా ఉండే అవకాశం నూటికి ఎంత. చీటీలు పైకి చదువుతాం, మాట్లాడుకుంటాం, మళ్ళీ రాస్తాం. అన్నీ కలిపి సగటు తీస్తాం."

"నేను చదివింది ఏడో తరగతమ్మా."

"చదువు మిగతా నలుగురికీ ఉంది. ఏడాది పొడుగునా ఈ చెరువు చూసేది మీరొక్కరే."

బుల్లయ్య గోతం మూతి కుట్టడం మొదలుపెట్టాడు. కోతల కాలంలో తనకు తీరదన్నాడు. ఊళ్ళో మంచినీళ్ళకి చెరువు లోతు చేయాలని గొడవ చేస్తున్నారని, తుమ్మలు కొట్టాలా వద్దా అన్నది ఈ సగటు మీదే ఆధారపడుతుందని ఆ పిల్ల చెప్పింది. యాభై దాటితే చెట్ల జోలికి పోరు. దాటకపోతే కొట్టేస్తారు. బుల్లయ్య చెయ్యి ఆగింది గానీ సరేననలేదు.

"ఆ నలుగురూ ఎవరెవరు?" అని మాత్రం అడిగాడు.

ఆ పిల్ల పేర్లు చెప్పింది. మూడు పేర్లు అతను వినలేదు. నాలుగోది డాక్టర్ శివరామకృష్ణ.

బుల్లయ్య దబ్బనం గోతానికి గుచ్చి లేచి నిలబడ్డాడు.

"వస్తానమ్మాయ్," అన్నాడు.

*

తొమ్మిదేళ్ళ నాటి మాట. తొంభై ఎనిమిది సంక్రాంతి వెళ్ళిన వారానికి రెండు జీపులు చెరువు కట్ట మీదికి వచ్చాయి. ఆఫీసర్లు, ఊరి ప్రెసిడెంటు, తెల్లటోపీ పెట్టుకున్న శివరామకృష్ణ. ఆయన పక్షుల మీద పుస్తకాలు రాసిన మనిషని, ఆయన మాట మీద గవర్నమెంటు నడుస్తుందని ప్రెసిడెంటు అందరికీ చెప్పాడు. ఎండగా ఉంది. ఆయన అరగంట చూసి, "ఇక్కడ వీటిని రోజూ చూసేదెవరు?" అన్నాడు. ఊరంతా బుల్లయ్యని ముందుకు తోసింది.

"ఎన్నున్నాయయ్యా?"

"నూట పది పుంజీలండీ."

పుంజీ అంటే నాలుగు. బుల్లయ్య తల్లి తాటిముంజెలూ తేగలూ అమ్మి పిల్లల్ని సాకింది. ఆమె నోట ఒకటి, రెండు అన్న లెక్క ఎప్పుడూ రాలేదు. చేతికి నాలుగేసి తీసి, ఒక పుంజీ, రెండు పుంజీలు అంటూ గంపలోంచి తట్టలోకి వేసేది. కొడుక్కీ అదే అబ్బింది. కొంగలు దూరంగా, గుంపుగా కూర్చుంటాయి. ఒక్కొక్కదాన్నీ ఎంచుతూ పోతే కళ్ళు తడబడతాయి. నాలుగేసి చొప్పున చూపుతో పట్టుకుంటూ పోతే తడబడవు. నూట పది పుంజీలంటే నాలుగువందల నలభై.

శివరామకృష్ణది పట్నం చెవి. ఆయనకి పుంజీలు వినపడలేదు, పుంజులు వినపడ్డాయి.

"పుంజులే నూట పదా? మరి పెట్టలు?"

ఈయనేమిటి ఇలా అడుగుతున్నాడని బుల్లయ్య కంగారుపడ్డాడు. "పెట్టలు కూడా అందులోయేగదండీ."

"ఏది పుంజో ఏది పెట్టో నీకెలా తెలుస్తుందయ్యా?"

నాలుగేసి ఎలా ఎంచుతావని అడుగుతున్నాడనుకున్నాడు బుల్లయ్య. చుట్టూ ఆఫీసర్లు. "అట్టా చూసుకుంటా పోతే తెలిసిపోద్దండీ," అన్నాడు.

శివరామకృష్ణ టోపీ తీసి నవ్వాడు. గూడకొంగల్లో మగదీ ఆడదీ ఒక్కలాగే ఉంటాయని, ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్న తనకే దూరం నుంచి తెలియదని, ఈ పెద్దమనిషికి మాత్రం చూస్తే తెలిసిపోతుందట అని ఆఫీసర్లతో చెప్పాడు. అందరూ నవ్వారు. ప్రెసిడెంటు అందరికంటే గట్టిగా నవ్వాడు. బుల్లయ్య కూడా, ఎందుకో తెలియకపోయినా, మర్యాదకి నవ్వాడు. ఆ నవ్వు తరవాత అతన్ని ఎక్కువగా తినేసింది.

పది రోజులకి పేపర్లో జిల్లా పేజీలో పడింది. పెదగుంటపాడులో మిగిలినవి నూరు దాటవని, స్థానికుడు చెప్పిన మాటలు నమ్మదగ్గవి కావని, పదేళ్ళలో ఇక్కడ ఒక్క గూడకొంగ కూడా మిగలదని, కాబట్టి కాపాడే ఖర్చు వృథా అని నిపుణుడి అభిప్రాయం. ఆ అభిప్రాయం పట్టుకుని తూర్పువైపు తుమ్మలకి వేలం వేశారు. మాఘమాసంలో నరికారు. గూళ్ళలో పిల్లలున్నాయి. రెక్కలు రాని పిల్లలు, ఒంటి మీద నూగైనా సరిగా లేనివి, కొమ్మలతో పాటు నీళ్ళలో పడ్డాయి. బుల్లయ్య నడుంలోతు నీళ్ళలో దిగి గంపలకెత్తి ఇంటికి తెచ్చాడు. అతనూ భార్య మాణిక్యమ్మా పదకొండు రోజులు వాటి నోళ్ళలో చేపపిల్లలు పెట్టారు. పన్నెండో రోజుకి ఒక్క కొంగపిల్లా బతికి లేదు.

పేపర్లో "నూట పది మగపక్షులు" అని చదివాకగానీ అతనికి సంగతి బోధపడలేదు. పుంజీ అంటే నాలుగని శివరామకృష్ణకి కార్డు రాశాడు. జవాబు రాలేదు. ఇంకోటి రాశాడు. మూడోది రాశాడు. ఈలోగా ఊళ్ళో అతని పేరు పుంజుల బుల్లయ్య అయిపోయింది. కోడిపందేల రోజుల్లో, "బుల్లయ్యా, ఇది పుంజో పెట్టో చెప్పి పో," అని కోడి తోక ఎత్తి చూపించేవాళ్ళు. యలమంద అనే వరసకి బావ ఉన్నాడు, అతనికైతే అది చుట్ట కాల్చడం లాంటి అలవాటు.

బుల్లయ్య ప్రతి సోమవారం శివాలయానికి పోతాడు. పంట కోసం అడగడు, ఆరోగ్యం కోసం అడగడు. తొమ్మిదేళ్ళుగా ఒకటే అడుగుతున్నాడు. ఆ మనిషి నలుగురిలో తలొంచుకోవాలి. నేను చూడాలి.

శివుడు ఇలాంటి కోరికలు వింటాడా అని మనలాంటివాళ్ళకి అనుమానం వస్తుంది. మాణిక్యమ్మకీ వచ్చింది. గీతాంజలి వెళ్ళిపోయాక అన్నం పెడుతూ అంది: "శివుడూ రాముడూ కృష్ణుడూ ముగ్గురి పేర్లూ పెట్టుకున్నాడాయన. ఆయన చెడిపోవాలని ఏ దేవుడి దగ్గరికి పోయి మొక్కుతావయ్యా? ఎవుర్ని అడిగినా ఆయన మనిషే."

"పేరు పెట్టుకున్నోళ్ళంతా ఆళ్ళ మనుషులైతే ఈ ఊళ్ళో దొంగోడే లేడు."

"ఆ పిల్ల కొంగలు బతకడానికి రమ్మంటా ఉంటే, నువ్వు పగ తీర్చుకోడానికి పోతావా?"

"రెండూ ఒకటే. ఆయన తప్పని తేలితే కొంగలు బతుకుతయ్."

మాణిక్యమ్మ ఏమీ అనకుండా మజ్జిగ పోసింది. ఆమె ఏమీ అనకపోతే ఒప్పుకోలేదని అర్థం. బుల్లయ్యకది తెలుసు. తెలిసీ మజ్జిగ తాగి లేచాడు.

*

చెరువు చూడ్డానికి ఎన్నింటికి రావాలని గీతాంజలి ఫోన్ చేసి అడిగింది. కొట్టులో ఉన్న ఫోన్ దగ్గర నిలబడి, "పొద్దున పదింటికి రండమ్మా," అన్నాడు బుల్లయ్య.

పదింటికి సగం కొంగలు మేతకి పోయి ఉంటాయి. మిగిలినవి కొమ్మల చాటున ఉంటాయి. కట్ట మీద నిలబడ్డవాళ్ళ కళ్ళలో ఎండ కొడుతుంది. లెక్కపెట్టాల్సింది సాయంత్రం. ఆ మాట అతను చెప్పలేదు.

జీపులోంచి దిగిన శివరామకృష్ణని చూసి బుల్లయ్యకి ఒక్క క్షణం ఈయన కాదేమో అనిపించింది. డెబ్బై దాటిన మనిషి. చేతికర్ర. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళకి దళసరి అద్దాలు. టోపీ మాత్రం అదే రకం. ఎదురుపడగానే రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం బుల్లయ్యగారూ. అమ్మాయి మీ గురించి చాలా చెప్పింది."

బుల్లయ్య ఆయన మొహంలోకే చూశాడు. గుర్తుపట్టిన జాడ లేదు. దాచుకున్న జాడ కూడా లేదు. తొమ్మిదేళ్ళుగా తన నిద్రలో తిరుగుతున్న మనిషి మనసులో తను ఒక్క పూట కూడా లేడు. చెప్పాలంటే చెట్లు నరికిన దానికంటే ఈ సంగతే ఆ పూట అతనికి ఎక్కువ మండింది.

"ఈ చెరువుకి నేనెప్పుడో వచ్చినట్టున్నానే," అన్నాడు శివరామకృష్ణ కట్ట మీద నడుస్తూ.

"వచ్చే ఉంటారు సార్. మీరు తిరిగిన చెరువులు ఒకటా రెండా?"

మిగతా ముగ్గురు నిపుణులు బైనాక్యులర్స్‌తో చూస్తున్నారు. ఒకాయన హైదరాబాదు, ఒకాయన మద్రాసు, ఒకావిడ బెంగుళూరు. ఎండకి కళ్ళు చికిలిస్తున్నారు. శివరామకృష్ణ రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుని, చివరికి బుల్లయ్య పక్కకొచ్చి మెల్లగా అడిగాడు.

"నా చూపు మునపట్లా లేదు. ఎన్నుంటాయంటారు?"

ఈ ప్రశ్న కోసమే బుల్లయ్య మిరపకోత వదిలి వచ్చాడు.

"నూట ఎనభై పుంజీలు సార్," అన్నాడు. పుంజీలు అన్న మాట మింగెయ్యలేదు, నొక్కీ పలకలేదు. ఎప్పుడూ ఎలా అంటాడో అలాగే అన్నాడు.

శివరామకృష్ణ తల ఊపి నోటుపుస్తకంలో 180 వేసుకున్నాడు. మాట తోక ఆయన చెవిలో పడనే లేదు. ఇప్పుడు చెప్పొచ్చు. "సార్, పుంజీ అంటే నాలుగు," అని నాలుగు ముక్కలు. చెప్పలేదు. ఒక కొంగ రెక్కలు చాపి వాళ్ళ నెత్తిమీద నుంచి పోతే, అందరితో పాటు తనూ తలెత్తి చూశాడు.

*

ఆ మధ్యాహ్నం గుంటూరులో ఒక కాలేజీ హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఐదుగురికీ ఐదు చీటీలు ఇచ్చింది గీతాంజలి. బుల్లయ్య 720 అని వేసి, అవకాశం నూటికి డెబ్బై అని రాసి, మడిచి ఇచ్చాడు. ఇక చీటీలు చదవడమే ఆలస్యం. ఆయన చీటీలో 180 అని పడుతుంది. మిగతా ముగ్గురూ బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు, మేతకి పోయినవి కూడా కలుపుకుని ఏడొందల దరిదాపుల్లో వేస్తారు. ఇంత పెద్దమనిషి ఒక్కడే ఇంత పొరబడ్డాడేమిటని అందరూ తిరిగి చూస్తారు. అప్పుడు తను లేస్తాడు. లేచి ఏం మాట్లాడాలో బస్సులోనే రెండుసార్లు అనుకున్నాడు.

గీతాంజలి చీటీలు కలిపి పేర్లు చెప్పకుండా చదివింది.

"ఒకటి. నూట ఎనభై పక్షులు. అవకాశం నూటికి ఇరవై."

బుల్లయ్య కుర్చీలో ముందుకి జరిగాడు.

"రెండు. నూట డెబ్బై. అవకాశం ఇరవై ఐదు. మూడు. రెండు వందలు. అవకాశం ముప్ఫై. నాలుగు. నూట ఎనభై. అవకాశం ఇరవై."

బుల్లయ్యకి ఏమీ అర్థం కాలేదు.

"ఐదు. ఏడువందల ఇరవై. అవకాశం డెబ్బై. సగటు ముప్ఫై మూడు," అంది గీతాంజలి. ఆ పిల్ల గొంతు దిగిపోయింది.

హైదరాబాదు ఆయన నవ్వాడు. "ఐదో చీటీ వాళ్ళకి ఊరి మీద అభిమానం ఎక్కువైనట్టుంది. నిజం చెప్పాలంటే ఎండలో నాకేమీ కనపడలేదు. సార్ నూట ఎనభై అంటే నేను పది తగ్గించి వేశాను."

"నేనూ సార్‌నే అడిగాను," అన్నాడు మద్రాసు ఆయన. బెంగుళూరు ఆవిడ తనూ అంతేనన్నట్టు తల ఊపింది.

ఎవరి చీటీ వాళ్ళు రాస్తారంటే ఎవరి లెక్క వాళ్ళదేననుకున్నాడు బుల్లయ్య. చదువుకున్నవాళ్ళు నలుగురూ ఒకే పుస్తకంలోకి తొంగిచూస్తారని అనుకోలేదు. ఒక్కడి కోసం తవ్విన గోతిలో నలుగురూ పడ్డారు. వాళ్ళ వెనక తుమ్మలూ, గూళ్ళూ, గూళ్ళలో పిల్లలూ పడబోతున్నాయి. ఈ మాఘంలోనే.

లేచాడు. బస్సులో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"ఆ నూట ఎనభై నేను చెప్పిందేనండీ. నేను చెప్పింది నూట ఎనభై పుంజీలు. పుంజీ అంటే నాలుగు."

గీతాంజలి నెమ్మదిగా అంది: "మా ఇంట్లో పుంజం అంటే మగ్గం మీద పోగుల లెక్క. పుంజీ ఎప్పుడూ వినలేదు బాబాయిగారూ..."

"నువ్వు విన్లేదమ్మా. ఈయన విన్నాడు. తొమ్మిదేళ్ళ కింద ఆ కట్ట మీదే నా నోటితో విన్నాడు." బుల్లయ్య వేలు శివరామకృష్ణ వైపు తిరిగింది. "నూట పది పుంజీలంటే నూట పది పుంజులన్నాడు. పుంజులూ పెట్టలూ నాకు చూస్తే తెలుస్తాయన్నానని నలుగురిలో నవ్వాడు. నా మాట నమ్మొద్దని పేపరుకెక్కించాడు. తూర్పుపక్క తుమ్మలన్నీ కొట్టించాడు. మూడు కార్డులు రాశానండీ. ఒక్కదానికన్నా బదులు రాశారా సార్?"

శివరామకృష్ణ కళ్ళజోడు తీశాడు. అది లేకపోతే ఆయన కళ్ళు చిన్నవిగా, తడిగా ఉన్నాయి.

అప్పుడు ఎవరూ ఎదురుచూడని వైపు నుంచి మాట వచ్చింది. గీతాంజలి చీటీలు బల్ల మీద పెట్టేసి బుల్లయ్యనే చూస్తోంది.

"ఆ పుంజుల మనిషి మీరేనా?" అంది. "సార్ మాకు పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ చెప్పేవారు. ఊళ్ళోవాళ్ళ మాట ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి. గూడకొంగల్లో పుంజుల్ని ఏరే మనిషి అని. క్లాసంతా నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను."

శివరామకృష్ణ తల వంగింది. నలుగురిలో. బుల్లయ్య చూస్తుండగా. అడిగింది అడిగినట్టే జరిగింది. అయితే ఊళ్ళో నవ్వు ఊళ్ళోనే ఉందనుకున్నాడు అతను. అది కాలేజీలకెక్కి, ఏడాదికి ఒక క్లాసు చొప్పున దేశమంతా తిరుగుతోందని ఇప్పుడే తెలిసింది. కొత్తగా మళ్ళీ మండింది.

"నాలుగు నూట పదులు," అన్నాడు శివరామకృష్ణ ఎవరితోనో అన్నట్టు. "నాలుగువందల నలభై."

"లెక్క బాగానే వచ్చు సార్ మీకు," అన్నాడు బుల్లయ్య.

గీతాంజలి తేరుకుంది. తేరుకున్నాక ఆ పిల్ల గొంతు వేరుగా ఉంది.

"ఇవాళ్టి సంగతి చెప్పండి బాబాయిగారూ. సార్ తప్పు వేసుకుంటున్నారని మీకు తెలుసా?"

"తెలుసు."

"పదింటికి రమ్మన్నది?"

"అదీ కావాలనే."

"అయితే మీ చీటీ కొట్టేస్తున్నాను. సార్‌దీ కొట్టేస్తున్నాను. తెలిసి తప్పుదారి పట్టించినవాళ్ళూ, చూడకుండా రాసినవాళ్ళూ ఇందులో ఉండటానికి లేదు. రేపు సాయంత్రం మీరిద్దరూ కలిసి కట్ట మీద లెక్కపెట్టి, ఒకే అంకె మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. దాన్ని చూసి ఈ ముగ్గురూ మళ్ళీ రాస్తారు. ఎల్లుండి పొద్దున్నే రిపోర్టు కలెక్టరాఫీసుకి పోవాలి. రేపు అంకె కుదరకపోతే ఈ ముప్ఫై మూడే పోతుంది."

*

మర్నాడు నాలుగింటికల్లా కట్ట మీద సగం ఊరు ఉంది. యలమంద చుట్ట వెలిగించుకుని ముందు వరసలో గొంతుక్కూర్చున్నాడు.

"ఏరా బుల్లయ్యా, ఇయ్యాళ పెట్టల్ని గూడా లెక్కపెడతారంటనా?"

"నోరు మూసుకుని కూకో బావా. నీకు ఒకటి నుంచీ నేర్పిస్తాడు సారు."

బుల్లయ్య శివరామకృష్ణ వైపు తిరిగాడు. "మీరు లెక్కపెట్టండి సార్. నేను మనసులో లెక్కపెట్టుకుంటా మీ వెనకాలే వస్తా. మీరు మాత్రం పైకి లెక్కపెట్టాలి. పుంజీల లెక్కన. అందరికీ వినపడాలి."

ముసలాయన కర్ర పట్టుకుని బయల్దేరాడు. మేతకి పోయిన కొంగలు వరసలు వరసలుగా వచ్చి వాలిపోయి ఉన్నాయి. ఎండ ఇప్పుడు వీపు వెనక ఉంది, తుమ్మలు ముసలాయన చూపుకి కూడా ఆనేలా తెల్లగా పూసినట్టున్నాయి. "ఒక పుంజీ, రెండు పుంజీలు, మూడు పుంజీలు..." ప్రతి మాటకీ కట్ట మీద ఎవరో ఒకరు నవ్వుతున్నారు. ఈసారి నవ్వు బుల్లయ్య మీద కాదు. ముప్ఫై ఏడు దగ్గర ఒక గుంపు రెక్కలు విదిలించుకుని జరిగింది. ఆయన ఆగాడు.

"ముప్ఫై ఏడా? ముప్ఫై ఎనిమిదా?"

బుల్లయ్యకి తెలుసు. ముప్ఫై ఎనిమిది. "మళ్ళీ మొదట్నుంచి సార్," అన్నాడు.

రెండోసారి తొంభై దాకా పోయి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేసరికి అంకె పోయింది.

"మొదట్నుంచి."

గీతాంజలి ఏదో అనబోయి ఆగిపోయింది. మాణిక్యమ్మ ఆగలేదు. నీళ్ళచెంబుతో కట్ట ఎక్కి వచ్చి ముసలాయనకి అందించి, మొగుడి దగ్గరికొచ్చి పళ్ళ బిగువున అంది: "ఆయన కాళ్ళు వణుకుతన్నాయి. చంపుతావా ఏంది?"

"పదకొండు రోజులు నువ్వే గదా వాటి నోట్లో చేపలు పెట్టింది?"

"నేనే పెట్టా. నేను గూడా మర్చిపోలా. అయితే మాత్రం?"

శివరామకృష్ణ చెంబు తిరిగిచ్చి, మొహం తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే మొదటి చెట్టు దగ్గరికి నడిచి నిలబడ్డాడు. ఈసారి ఆయన కళ్ళు చికిలించలేదు. తొందరపడలేదు. ఒక్కొక్క కొమ్మ దగ్గరా ఆగి, నాలుగేసి చొప్పున చూపుతో పట్టుకుంటూ, బుల్లయ్య తల్లి తేగలు ఎంచినట్టే ఎంచుకుంటూ పోయాడు. వంద దాటింది. జనం నవ్వడం మానేశారు. నూట యాభై దాటింది. పడమర ఎరుపెక్కింది. చివరి చెట్టు అయ్యేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది.

"నూట డెబ్బై తొమ్మిది పుంజీలు," అన్నాడు. "మీరు నిన్న ఒకటి ఎక్కువ రాశారు బుల్లయ్యగారూ."

కట్ట మీద జనం బుల్లయ్య వంక చూశారు.

అతని మనసులో లెక్కా నూట డెబ్బై తొమ్మిదే. సోమవారం గుడి నుంచి వస్తూ లెక్కపెట్టినప్పుడూ అంతే. గుండ్రంగా ఉంటే ముసలాయన చెవికి తేలిగ్గా ఎక్కుతుందని నూట ఎనభై అన్నాడు. అన్న తరవాత మరి దిగిరాలేక చీటీ మీద కూడా అదే రాశాడు. తొమ్మిదేళ్ళలో ఈ చెరువు గురించి అతను చెప్పిన ఒకే ఒక్క తప్పు అంకె అది. దాన్ని పట్టుకున్నవాడు ఈయన.

మళ్ళీ మొదట్నుంచి అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఈ వెలుతురులో ఇంకోసారి అవదు. ముసలాయన చేసిన లెక్క తప్పని ఊరంతా నమ్ముతుంది. ముప్ఫై మూడే కలెక్టరాఫీసుకి వెళ్తుంది. బుల్లయ్య చెరువు వంక చూశాడు. చుట్ట ఆరిపోయినా యలమంద వెలిగించుకోలేదు.

"సరిపోయింది," అన్నాడు చివరికి. ఆ మాట గొంతులోంచి ముల్లు తీసినట్టు వచ్చింది. "నూట డెబ్బై తొమ్మిదే. నాదే తప్పు."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఏడువందల పదహారు అని గీతాంజలి పక్కన వేసుకుంది. ముగ్గురు నిపుణులూ ఈసారి ఒకరికొకరు దూరంగా నిలబడి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాశారు. సగటు అరవై నాలుగు వచ్చింది. ఈ ఏడాది తుమ్మల మీద గొడ్డలి పడదు. యలమంద లేచి పంచె దులుపుకుని, బుల్లయ్య పక్కనుంచి పోతూ ఏమీ అనకుండా పోయాడు.

బుల్లయ్యకి హాయిగా ఉండాలి. లేదు. కారం చేతులు ఎంత కడిగినా మంట అక్కడే ఉన్నట్టు, లోపల ఇంకా ఉంది.

గీతాంజలి కాగితాలు సర్దుకుంటూ దగ్గరికి వచ్చింది. "మీ చీటీ కొట్టేశాను గానీ, లెక్కలోకి రాకుండా నాకోసం చెప్పండి బాబాయిగారూ. ఇరవై ఏళ్ళ తరవాత ఇవి నిజంగా ఉంటాయా?"

"నన్ను కొట్టేశావుగదమ్మా. ఆయన్నడుగు."

శివరామకృష్ణ కట్ట వాలులో ఒక రాయి మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటున్నాడు. ఆ పిల్ల ఆయన వైపు తిరిగింది. అంతదూరం నుంచి ఆయనకి ప్రశ్న వినపడింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తుమ్మల మీద సద్దుమణుగుతున్న కొంగల్ని చూశాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు.

ఆ మాట వినడానికే బుల్లయ్య తొమ్మిదేళ్ళు ఆగాడని, వినేదాకా అతనికే తెలియదు. గబగబా వెనక్కి తిరిగి చూశాడు. జనం అప్పటికే ఇళ్ళకి మళ్ళుతున్నారు. అవతలి గట్టు మీద నలుగురైదుగురు మిగిలారు.

"గట్టిగా చెప్పండి సార్," అన్నాడు. "వాళ్ళకి వినపళ్ళేదు."